ముల్లు నిలబడేదాకా

రబ్బరు రింగుకు బొట్టు పెట్టారు.

మొన్న ఎండాకాలం ఒక సభకని సూర్యాపేట నుంచి కోదాడకు కిరాయి కారులో పోతుంటే, దారిలో ఏసీ వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది. డ్రైవరు కోదాడ పొలిమేరలో ఒక రేకుల షెడ్డు ముందు ఆపాడు. లోపలికి పోబోతూ తలెత్తి చూశాను. మామూలుగా నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ వేలాడదీసే చోట, ఒక మేకుకు, వేలికి పెట్టుకునే ఉంగరమంత నల్లటి రబ్బరు రింగు వేలాడుతోంది. ఒక పక్క నలిగి చదునైపోయింది. దానికి పసుపు, పసుపు మీద కుంకుమ. గోడ పగులులో కాలిపోయిన అగరుబత్తి పుల్లలు.

రాళ్లకు, పుట్టలకు, లారీ చక్రాలకు, ఇనప్పెట్టెలకు బొట్టు పెట్టడం నేను చూశాను. వాటి మీద వ్యాసాలు రాశాను, తిట్లు తిన్నాను, ఒకసారి చెప్పు కూడా తిన్నాను. రబ్బరు రింగుకు పెట్టడం చూడటం మాత్రం అదే మొదటిసారి. కానీ నా కాళ్లు ఆగింది అందుకు కాదు. ఆ రింగును నేను ఎరుగుదును.

"ఇది ఎక్కడిది?" అని అడిగాను.

షెడ్డు నడిపేది నలభై అయిదేళ్ల మనిషి. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "మా ఉస్తాద్ది సార్. సూర్యాపేట షెడ్డు తీసేసిననాడు నేను తెచ్చుకున్న. ఆయన పోయి ఏడాదైంది. రోజు పొద్దుగాల దానికి మొక్కి స్పానర్ పడ్తె, పని ఖరాబు కాదు."

నాలుక చివరి దాకా ఒక ఉపన్యాసం వచ్చింది. మింగేశాను. ఎందుకు మింగానో చెప్పాలంటే ఆ ఉస్తాద్ గురించి చెప్పాలి.

ఆయన పేరు రాయను. రాస్తే, ఆ పేరు చివరి మాట పట్టుకుని ఏ తండావాడో, ఎవరి బిడ్డో ఆరా తీసి, ఆ తర్వాతే పనితనం గురించి చదివేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. వాళ్లకు ఆ సౌకర్యం నేను కల్పించను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్లూ ఆయన్ను మేస్త్రి అని పిలిచాయి. నాకూ ఆయన మేస్త్రే.

ఎనభైల చివర, తొంభైల మొదట, నేను సూర్యాపేటలో కాలేజీ పాఠాలు చెప్పేవాణ్ణి. ఆదివారాలు నలుగురం కూడి దేవుడి మీద, దయ్యం మీద, కులం మీద గొంతులు చించుకునేవాళ్లం. ఒకరోజు టీ హోటలాయన, "మీ లొల్లికి గిరాకీ పారిపోతున్నది, బయట సూస్కోండ్రి" అని మమ్మల్ని వెళ్లగొట్టాడు. పక్కనే మేస్త్రి షెడ్డు. ఆయన బానెట్ లోంచి తల తీయకుండానే, "గీడ కూసోండ్రి. ఎంత లొల్లన్న జేస్కోండ్రి. బల్ల మీది సామాను మాత్రం ముట్టొద్దు," అన్నాడు. ఆనాటి నుంచి మా చర్చలకు అదే చావడి.

చర్చలో ఆయన ఎన్నడూ దిగలేదు. ఒకసారి మాలో ఒకడు ఊరుకోలేక, "మేస్త్రీ, నువ్వు చెప్పు. దేవుడున్నడా, లేడా?" అని నిలదీశాడు.

ఆయన ఒక బోల్టు బిగించడం పూర్తి చేసి అన్నాడు: "గది సూసెటందుకు నా దగ్గర గేజి లేదు సార్."

పదేళ్లు పుస్తకాలు చదివి మేం చెప్పలేని మాటను ఆ మనిషి బోల్టు బిగించి చెప్పాడు. ఉందని అనలేదు, లేదని అనలేదు. కొలిచే సాధనం లేని చోట మాట్లాడనన్నాడు.

అప్పట్లో ఆ మూడు ఊళ్లలో ఏసీ ఉన్న కార్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిల్లు సేట్లవి, ఒకరిద్దరు డాక్టర్లవి, కంట్రాక్టర్లవి. చాలావరకు పాత బండ్లు. ఏసీ వాటితో పుట్టింది కాదు, తర్వాత పట్నంలో పెట్టించింది. ఇంజను దగ్గర ఉన్న కాస్త సందులో కంప్రెసర్‌ను ఇరికించి, బెల్టు తగిలించి పంపేవాళ్లు. మన ఎండకు, మన రోడ్లకు అది రెండు మూడేళ్లలో చేతులెత్తేస్తుంది. దాన్ని దించి, బాగుచేసో, వేరేది తెచ్చో, మళ్లీ కూర్చోబెట్టడం మేస్త్రి పని. కంప్రెసర్ అంటే ఏసీకి గుండెకాయ కదా అని నేనొకసారి కవిత్వం వెలగబెడితే ఆయన ఒప్పుకోలేదు. "గుండె గాదు సార్, బోరింగు. గ్యాసును గుంజుతది, తోస్తది. గంతే."

ఆ "గంతే" వెనుక ఎంత పని ఉందో నేను ఆదివారం తర్వాత ఆదివారం చూశాను. గ్యాసు వదిలేసి గొట్టాలు విప్పగానే, వాటి మూతులకు ఉతికిన గుడ్డ చుట్టి దారంతో కట్టేవాడు. బయటి గాలిలో తేమ ఉంటుంది, అది లోపలికి పోకూడదు. దించిన కంప్రెసర్‌ను వంచి, అందులోని నూనెను చంటిపిల్లల పాలసీసాలోకి ఒంపేవాడు. సీసా మీది గీతలు చూసి, ఎంత వచ్చిందో కొత్తగా అంతే పోసేవాడు. కొలతకు ఆ సీసా కంటే నమ్మకమైంది ఊళ్లో దొరకలేదట. "మేస్త్రీ, పిల్ల ఏడుస్తున్నదా?" అని గిరాకీలు నవ్వేవాళ్లు. "ఏడ్వకుంట పోస్తున్న" అనేవాడు ఆయన, నవ్వకుండానే. ఒక చుక్క నూనె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి, ఎండకు ఎత్తి చూసేవాడు. వేళ్ల మీద వెండి పొడిలా మెరిస్తే లోపల ఇనుము అరిగిందన్నమాట. అప్పుడిక గొట్టాలన్నీ విప్పి కడిగి ఆరబెట్టాల్సిందే. ఎంత పెద్దమనిషి తొందరపెట్టినా సరే.

కంప్రెసర్ కూర్చోబెట్టాక, ఇంజను పుల్లీకీ దీని పుల్లీకీ మధ్య తెల్లదారం లాగి పట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. దారానికీ పుల్లీకీ మధ్య వెంట్రుకంత వెలుతురు కనబడినా విప్పి, బ్రాకెట్టు ఆకురాయితో రాసి మళ్లీ పెట్టేవాడు. బెల్టు తగిలించే ముందు ఇరుసును చేత్తో పదిసార్లు తిప్పేవాడు, కళ్లు మూసుకుని. మొదటిసారి చూసినప్పుడు నాకు అనుమానం వచ్చింది.

"ఏం మేస్త్రీ, మొక్కుతున్నవా?"

"ఇంటున్న," అన్నాడు. "కండ్లు తెరిస్తె చెవు పని జెయ్యది."

ఆయన చేతులెప్పుడూ జిడ్డే. ఎవరైనా చెయ్యి కలపబోతే మణికట్టు ముందుకు చాపేవాడు. ఆ మణికట్టును పట్టుకోవడానికి వెనకాడినవాళ్లు కొందరున్నారు. జిడ్డుకు వెనకాడలేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ప్రతిసారీ చాపేవాడు. ఇంకొక అలవాటు: "ఎప్పటికైతది?" అంటే "అయితది" అనే మాట ఆయన నోట వచ్చేది కాదు. "సూస్త" అనేవాడు. జనం దాన్ని పొగరనుకున్నారు. మనకు అబద్ధపు హామీ మర్యాద, నిజం చెప్పడం పొగరు.

కండెన్సర్ అని బండి ముందు జల్లెడలాంటి భాగం ఒకటి ఉంటుంది. గాలి దాని గుండానే పోవాలి. మేస్త్రి దాని సందుల్లోంచి పుల్లతో కాస్త చెత్త గీకి, అరచేతిలో వేసుకుని, బండి ఏ ఊరిదో చెప్పేవాడు. ఊక ఉంటే రైసుమిల్లుల మిర్యాలగూడ. తెల్లని సున్నపు పొడి ఉంటే సిమెంటు ఫ్యాక్టరీలున్న కోదాడ, హుజూర్‌నగర్ వైపు. నల్లని డీజిలు మసి మాత్రమే ఉంటే మా సూర్యాపేట, హైవే పుణ్యం. ఒక కంట్రాక్టరు "బండి మిర్యాలగూడ దాటలే" అని దబాయిస్తుంటే, మేస్త్రి చెత్తను చూసి, "రొండు నెలలు కోదాడ దిక్కు తిరిగింది. మీద ఊక, కింద సున్నం" అన్నాడు. కంట్రాక్టరు ముఖం చూడాలి! అతను చెప్పకుండా తిరిగింది ఎక్కడికో మేం అడగలేదు. అతను మాత్రం రెండు చేతులూ జోడించి, "నీకేదో విద్య ఉన్నది మేస్త్రీ" అన్నాడు.

"విద్య గాదు, చెత్త," అని మేస్త్రి దాన్ని అతని చేతిలోనే పోశాడు.

ఆ క్షణంలో ఆయన ఒప్పుకుని ఉంటే మూడు ఊళ్లలో మహిమగల మేస్త్రి అయ్యేవాడు. జాతకాలు చెప్పేవాళ్లు ఇంతకంటే తక్కువ సరుకుతో మేడలు కట్టారు. ఆయన మాత్రం తన రహస్యాన్ని అడిగినవాడి అరచేతిలో పోసేవాడు.

ఆయన పనిముట్లలో ఒక అద్దంముక్క ఉండేది. రూపాయి బిళ్లంత. తల్లి పాత రవికె మీది అద్దం. రవికె చినిగిపోతే ఆమె ఆ అద్దాలను ఊడదీసి, కొత్త గుడ్డ మీద కుట్టేది. ఒకటి మిగిలితే కొడుకుకు ఇచ్చింది. ఆయన దాన్ని ఇనుప తీగ చివర అతికించాడు. కంప్రెసర్ వెనుక, కంటికి అందని చోట ఏముందో ఆ అద్దంలో చూసేవాడు. దామరచర్ల దగ్గరి తండాలో ఆ ముసలమ్మ ఏ వస్తువునూ పారేయలేదు. "పారేసుడు మా ఇంట్ల లేదు సార్" అని ఆయన గర్వంగా చెప్పేవాడు. నేనూ ఆ మాటను గర్వంగా నలుగురికీ చెప్పాను. ఆ గుణమే ఒకనాడు ఆయన మెడకు చుట్టుకుంటుందని మా ఇద్దరికీ తెలియదు.

మిర్యాలగూడ రైసుమిల్లు సేటు ఒకాయన ఉండేవాడు. తెల్ల అంబాసిడర్, పాతది. దాని కంప్రెసర్ పట్టేసింది. వేరే చోట రెండుసార్లు బాగుచేయించాడు. రెండుసార్లూ నెల తిరక్కుండానే వేడిగాలి. సేటు ఇంటి పంతులు లెక్కలు కట్టి, పని మొదలుపెట్టిన ఘడియలు మంచివి కావని తేల్చాడు. మూడోసారి బండి మేస్త్రి దగ్గరకు వచ్చింది. మేస్త్రి హైదరాబాదు పోయి, పాత సామాన్ల బజారులో ఒక కంప్రెసర్ ఏరి తెచ్చాడు. అది ఈ బండి కోసం చేసింది కాదు. నాలుగు రోజులు బ్రాకెట్టు కోసి, అతికి, రాసి కూర్చోబెట్టాడు.

శనివారం సేటు వచ్చి చూసి అన్నాడు: "రేపు మిట్టమధ్యాహ్నం లగ్నం మంచిగున్నదంట. పన్నెండు పదికి ఏసీ చాలు చెయ్యాలె, సల్లగాలి రావాలె. పంతులును తోలుకొస్త. మూడోసారి గిట్ల ఫెయిలైతె మాత్రం, మేస్త్రీ, మా బామ్మర్ది జాగల నీ షెడ్డుండది. ముందుగల్లనే చెప్తున్న."

ఆ షెడ్డు వేసిన జాగా నిజంగానే సేటు బామ్మర్దిది. ఒక్క మాట చాలు, తెల్లారేసరికి రేకులు రోడ్డు మీద ఉంటాయి. పదేళ్లు కోదాడ ఐసు ఫ్యాక్టరీలో కూలి చేసి, గ్యాసు నడకా పంపు నడకా అక్కడే కళ్లతో నేర్చుకుని వేసుకున్న షెడ్డు అది. వాళ్ల ఇంటివాళ్లలో, పొద్దున తన షెడ్డు తలుపు తాను తీసి, సాయంత్రం తన తాళం తాను వేసుకున్న మొదటి మనిషి ఆయన.

"బండి నేను సూస్త. లగ్నం మీరు సూస్కోండ్రి," అన్నాడు మేస్త్రి.

ఆదివారం మేం నలుగురం ముందే పోయి కూర్చున్నాం. నాకు ఆ రోజు పోటీ చూస్తున్నట్టుంది. ఒక వైపు పంచాంగం, ఒక వైపు పానా.

గ్యాసు నింపే ముందు, పంపుతో లోపలి గాలిని పూర్తిగా లాగేయాలి. అప్పుడు గేజి ముల్లు సున్నాకు కిందికి దిగుతుంది. పంపు ఆపాక ముల్లు అక్కడే నిలబడితే ఎక్కడా సందు లేదని అర్థం. సున్నా వైపు జరిగితే ఎక్కడో గాలి లోపలికి దూరుతోందని అర్థం. పంపు ఆపాక గంటసేపు ముల్లును చూడటం మేస్త్రి పెట్టుకున్న నియమం. మిగతావాళ్లు అయిదు నిమిషాలు చూసేవాళ్లు, కొందరు అదీ చూసేవాళ్లు కాదు. ఆ రోజు పదకొండున్నరకు పంపు ఆపాడు.

పదకొండు ముప్పావుకు సేటు, పంతులు దిగారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ సిద్ధంగా ఉంది. చుట్టూ జనం చేరారు.

"ఇగ గ్యాసు పట్టు," అన్నాడు సేటు.

"పన్నెండున్నరకు పడ్త."

"ఏందీ? పన్నెండు పదికి చాలు కావాలె అన్న కద!"

"ముల్లు నిలబడ్తదా లేదా సూడాలె సేటు."

"నిలబడే ఉన్నది కదయ్యా! నాకు కండ్లు లెవ్వా?"

"పావుగంట నిలబడుడు నిలబడుడు గాదు."

పంతులు మెత్తగానే చెప్పాడు: "నాయనా, ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు."

"ముల్లు గూడ గంతే పంతులుగారూ. దాని టైం దానికుంటది."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. సేటు ముఖం ఎర్రబడింది. "తండల పుట్టినోనివి, నాకు టైం నేర్పుతున్నవా?"

నా ఒళ్లు మండింది. సేటుకు నాలుగు వాతలు పెట్టడానికి లేచాను. మేస్త్రి మణికట్టు అడ్డం పెట్టి నన్ను ఆపాడు. ఆయన గొంతు పెరగలేదు, తగ్గలేదు.

"సేటు, మీ మిల్లుకు రైతు వడ్లు తెస్తడు. ఎండినయి అంటడు. నాలుగు గింజలు పంటి కింద ఏసి కొరికి సూడకుంట దించుకుంటరా?"

"ఎట్ల దించుకుంట? తేమ ఉంటే నూక..." అని సేటు మధ్యలో ఆగిపోయాడు.

"నేను గా గింజ కొరుకుతున్న. జర ఆగుండ్రి."

సేటు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పన్నెండు పది దాటిపోయింది. పంతులు కొబ్బరికాయను సంచిలో పెట్టుకున్నాడు. నా లోపల బాజాలు మోగుతున్నాయి. ఈ విజయం మీద రాయబోయే వ్యాసానికి మొదటి వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను.

పన్నెండుంబావుకు ముల్లు కదిలింది.

వెంట్రుకంత. సున్నా వైపు. మేస్త్రి చూశాడు, పక్కనే ఉన్న నేను చూశాను. ఇంకెవరికీ తెలియదు. ఇంకో రెండు నిమిషాలకు ఇంకో వెంట్రుక.

నేను ఆయన చెవి దగ్గర వంగి గుసగుసగా అన్న మాటను ఇవాళ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మేస్త్రీ, హైదరాబాదు సామాను నాసిరకమని చెప్పు. నీ పనిలో తప్పుందని మాత్రం ఒప్పుకోవద్దు. ఒప్పుకుంటే వీళ్లంతా ముహూర్తం తప్పినందుకే అంటరు. మనం ఓడిపోతం."

మేస్త్రి నా వైపు తిరిగి చూశాడు. కోపం లేదు, వింతగా చూశాడు.

"గట్లైతే సారూ, మీకూ పంతులుకూ ఫరకేంది?"

తేడా ఏమిటన్న అంత చిన్న ప్రశ్న నన్ను ఏ వేదిక మీదా ఎవరూ అడగలేదు.

ఆయన నిలబడి, అందరికీ వినబడేట్టు అన్నాడు: "ముల్లు జరిగింది. ఏడనో గాలి దూరుతున్నది. సూస్త."

గుంపులో గుసగుస మొదలైంది. "చెప్పలే? లగ్నం తప్పింది, పని తప్పింది." సేటు లేచాడు. మేస్త్రి తన చెవులు మూసుకుపోయినట్టు పని చేసుకుపోయాడు. లోపలికి కొంచెం గ్యాసు వదిలి, సబ్బునురగ కలిపి, ఒక్కో అతుకు మీదా కుంచెతో పూశాడు. ముందువైపు ఏమీ లేదు. అద్దంముక్క తీగను కంప్రెసర్ వెనక్కి పోనిచ్చాడు. చాలాసేపు చూశాడు.

"సేటు, వంగి సూడుండ్రి."

సేటు తెల్లపంచె ఎగగట్టి బానెట్ మీదికి వంగాడు. ఆ ముసలమ్మ రవికె అద్దంలో, గొట్టం అతుకు దగ్గర, ఒక్కొక్క బుడగ ఉబ్బి పగులుతోంది.

మేస్త్రి గ్యాసు వదిలేసి అతుకు విప్పాడు. లోపలి రబ్బరు రింగు తీసి అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించాడు. ఒక పక్క చదునైంది.

"గిది పాతది. కొత్తయి డబ్బల ఉన్నయి. మంచిగనే ఉన్నది కద, పారేసుడెందుకని మల్ల గిదే ఏసిన. తప్పు నాది. సామానుది గాదు. లగ్నంది గూడ గాదు. లగ్నం తప్పింది పన్నెండు పదికి. నేను గీ రింగు ఏసింది పొద్దుగాల ఎనిమిదింటికి."

ఇంతకంటే శుభ్రమైన వాదనను నేను నా జీవితంలో వినలేదు.

సేటు ఆ రింగును తీసుకుని తిప్పి చూశాడు. వేళ్లతో నొక్కాడు. "నీ మాట ఇనకుంట పన్నెండు పదికే చాలు చేయించి ఉంటే?"

"సల్లగనే వస్తుండె. వారం, పది దినాలు. గటెన్క గ్యాసంత పోతుండె. కంప్రెసర్ మల్ల పట్టేస్తుండె."

"మరి మునుపు చేసినోళ్లు గూడ గిట్లనే చేసిన్రా?"

"నాకెర్కలే. నేను సూడలే."

గమనించండి. ఆ రెండు వైఫల్యాలనూ ఇతరుల నెత్తిన రుద్ది, తన తప్పును చిన్నది చేసుకోవడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. షెడ్డు పోయే గడియలో కూడా ఆ మనిషి తాను చూడనిదాన్ని చెప్పలేదు.

సేటు స్టూలు మీద మళ్లీ కూర్చున్నాడు. "కానియ్యి," అన్నాడు.

మేస్త్రి ఆ ఒక్క రింగుతో ఊరుకోలేదు. విప్పిన ప్రతి అతుకులోనూ కొత్త రింగు వేశాడు, ఒక్కోదానికీ నూనె రాసి. మళ్లీ పంపు పెట్టాడు. పంతులు వేళ్లు లెక్కపెట్టి, "నాలుగున్నరకు రాహుకాలం మొదలు. అంతకు ముందే చాలు చేయిస్తే సరి, లేకపోతే రేపు చూసుకోండి" అని చెప్పి, బస్సు వేళయిందని వెళ్లిపోయాడు. మూడున్నరకు పంపు ఆగింది. మళ్లీ గంట. జనం పల్చబడ్డారు కానీ సేటు కదల్లేదు. మోకాళ్ల మీద చేతులు ఆనించి, కల్లంలో కుప్ప దగ్గర కాపలా ఉన్నవాడిలాగా గేజినే చూస్తున్నాడు. నాలుగుంబావుకు మేస్త్రిని తానే అడిగాడు: "జరిగిందా?"

"జరగలే."

"నాలుగున్నరకు ముందు..." అని మొదలుపెట్టి, సేటు తనంతట తానే మానుకున్నాడు.

నాలుగున్నర దాటాక మేస్త్రి గ్యాసు గొట్టం తగిలించాడు. ఇక ఇంజను వేయాలి. సేటు డ్రైవరు తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు, బండి ఎక్కడు. "రాహుకాలమంటున్నరు గద..." అని నసిగాడు. సేటు అతని చేతిలోంచి తాళంచెవి లాక్కుని, తానే సీట్లో కూర్చుని ఇంజను వేశాడు. మేస్త్రి స్విచ్చు నొక్కమన్నాడు. కంప్రెసర్ టక్కున పట్టుకుంది. ఇంజను ఒక్కసారి బరువెక్కి మళ్లీ సర్దుకుంది. మేస్త్రి కళ్లు మూసుకుని వింటూ నిలబడ్డాడు.

సేటు గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టాడు. తీయలేదు. చాలాసేపటికి తల బయటపెట్టి అన్నాడు:

"వడ్లు ఎండినయి మేస్త్రీ."

మేస్త్రి మణికట్టు చాపాడు. సేటు దాన్ని వదిలేసి, జిడ్డు చేతినే పట్టుకున్నాడు.

షెడ్డు ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాత మిర్యాలగూడ నుంచి ఊక నిండిన బండ్లు ఒకటి వెనుక ఒకటి వచ్చాయి. మరుసటి ఆదివారం మేం పోయేసరికి, గుమ్మం మీద ఆ నలిగిన రింగు మేకుకు వేలాడుతోంది. "ఇదేంది మేస్త్రీ, దిష్టికా?" అని ఒక గిరాకీ అడిగాడు.

"గది నా తప్పు," అన్నాడు మేస్త్రి, ఆ మాటే ప్రతి కొత్త గిరాకీకీ చెప్పాడు. తన కొట్టు ముందు తన బిరుదులు వేలాడదీసినవాళ్లను చూశాను. తన తప్పును వేలాడదీసినవాణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను. అలాంటి మనిషి బల్ల పక్కన కూర్చుని మాట్లాడానని చెప్పుకోవడమే నాకున్న పెద్ద గొప్ప.

ఆ రోజు మనసులో మొదలుపెట్టిన వ్యాసం నేను రాయలేదు. తర్వాత చాలా రాశాను. రాసిన ప్రతిసారీ ముల్లు జరిగిందా అని చూసుకున్నానని చెప్పను. అది అబద్ధం అవుతుంది. చూసుకోనప్పుడల్లా ఆయన ప్రశ్న వినబడింది, అంత మాత్రం నిజం.

కోదాడ షెడ్డులో ఆ శిష్యుడు ఇదంతా ఎరగడు. ఈ సంగతి జరిగిన చాలా ఏళ్లకు అతను మేస్త్రి దగ్గర చేరాడు. "ఏందని అడిగితే 'గది నా తప్పు, నువ్వు నీ రింగులు సూస్కో' అనెటోడు సార్. ఏం తప్పో చెప్పలే," అన్నాడు.

"అందుకని తప్పుకు బొట్టు పెట్టినవా?"

అతను సిగ్గుపడి నవ్వాడు. నేను ఉపన్యాసం ఇవ్వలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. సేటునూ, ముల్లునూ, అద్దాన్నీ, నేను చెవిలో ఊదిన మాటనూ కూడా. నా డ్రైవరు మధ్యలో రెండుసార్లు గడియారం చూపించాడు. కారు బాగుచేసి, పంపు పెట్టి ఆపడం అప్పటికే అయింది. శిష్యుడి చెయ్యి గ్యాసు సిలిండరు మీద ఉంది. కథ అయ్యేసరికి ఆ చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చింది.

"పంపు బంద్ చేసి ఇరవై నిమిషాలైంది సార్," అన్నాడు. "ఇంక నలభై నిమిషాలు ఆగాలె. మీకు మీటింగు లేటైతది."

అక్కడ సభలో శాస్త్రీయ దృష్టి గురించి నేను చెప్పేది వినడానికి జనం కూర్చుని ఉన్నారు.

"కానివ్వు," అన్నాను.

బొట్టు తుడవమని నేను అనలేదు. అతను తుడవలేదు. ఇద్దరం గేజి ముందు నిలబడ్డాం. ముల్లు కదల్లేదు.